కాంచనబురి డెత్ రైల్వే చూడ్డానికి ఒక రోజు చాలుతుందా? మనవాళ్ల గుర్తులు ఏమైనా ఉన్నాయా?

అలిపిరి_వాసి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. జనవరి మొదటి వారంలో నేనూ, నాతో ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండూ చెన్నై నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాం. ఐదు రోజులు. వాడికి బీచ్, షాపింగ్ ఉంటే చాలు. నేను మాత్రం కాంచనబురికి, అదే యుద్ధకాలంలో జపాన్ వాళ్లు వేయించిన డెత్ రైల్వే ఉన్న థాయ్‌లాండ్ ఊరికి, ఒక రోజు కావాలని పట్టుబట్టాను.

మా తాత వాళ్ల అన్న నగరి దగ్గర పల్లె నుంచి మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకు పోయినాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. జపాన్ వాళ్లు రైలు పనికి తోలుకుపోయారని, తర్వాత ఎప్పుడో ఊరికి తిరిగొచ్చిన మనిషొకడు చెప్పాడట. మాకు తెలిసింది అంతే. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరున పెట్టాలా వద్దా అనేది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. పోయినాడని ఎవరూ చెప్పలేదు కదా.

ఒక రోజు సరిపోతుందా? ఆయనలాంటి కూలీల పేర్లు అక్కడ ఎక్కడైనా రాసి ఉన్నాయా?

గిరింపేట_అన్న:
తమ్ముడూ, నీ పోస్టు చదివాక ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు. మాది చిత్తూరు. రెండేళ్ల కిందట నేనూ, కుప్పం ఫ్రెండొకడూ వెళ్లొచ్చాం.

ఒక్క రోజులో ఏటి మీది రైలు బ్రిడ్జి, సైనికుల సమాధులు చూడొచ్చు. హెల్‌ఫైర్ పాస్, అంటే ఆ రైలు కోసం కొండను చీల్చిన చోటు, ఊరికి 80 కిలోమీటర్ల దూరం. అది కూడా చూడాలంటే ఒక రాత్రి అక్కడే ఉండండి. బ్యాంకాక్‌లో తోన్‌బురి స్టేషన్ నుంచి పొద్దున బండి ఉంది. థర్డ్ క్లాసే, ఏసీ ఉండదు, దాదాపు మూడు గంటలు. మేం వెళ్లినప్పుడు ఫారినర్లకు టికెట్ 100 బాత్. అదే బండి బ్రిడ్జి దాటి నామ్‌టోక్ దాకా పోతుంది. దారిలో తామ్ క్రసే దగ్గర కొండ అంచున, ఏటి మీద కట్టిన చెక్క వంతెనపై మెల్లగా పాకుతుంది. నీ ఫ్రెండుకు ఆ ఒక్క సంగతి చెప్పు, వస్తాడు.

ఇక అసలు విషయం. 1942, 43లో థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల లైను వేయించారు. జపాన్‌కు పట్టుబడిన మిత్రరాజ్యాల సైనికులు 60 వేలకు పైగా పని చేస్తే 12 వేలకు పైగా చనిపోయారు. స్టేషన్ దగ్గర్లోనే వాళ్ల సమాధులు, దాదాపు ఏడు వేలు. పేరు, దళం, వయసు రాసిన పలకలు, గడ్డి ఒత్తుగా కత్తిరించి ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు. చూసి సంతోషించాను, అంత శ్రద్ధకు వాళ్లు తగినవాళ్లే. కానీ మలయా, జావా, బర్మాల నుంచి తెచ్చిన కూలీలు వాళ్లకంటే ఎన్నో రెట్లు. చనిపోయినవాళ్లే 90 వేల దాకా ఉంటారని అంచనా. అంచనా అనే అనాలి, రాసిపెట్టినవాళ్లు లేరు. సైనికులకు వాళ్ల ఆఫీసర్లు, డాక్టర్లు తోడున్నారు, లెక్కలు రాసి భద్రంగా ఉంచారు. మనవాళ్లకు ఎవరున్నారు? మూడు నెలల పని, మంచి కూలీ అని నమ్మించి తెచ్చారు. కొందరు పెళ్లాంపిల్లలతో సహా వచ్చారు. 1943 వానల్లో కలరా వచ్చేసరికి క్యాంపులకు క్యాంపులే ఖాళీ అయ్యాయి. అందుకని తమ్ముడూ, పేరు కోసం వెతకొద్దు, దొరకదు. ఈ మాట నేనే చెప్పాల్సి వస్తున్నందుకు బాధగా ఉంది.

ఒకటి మాత్రం ఉంది. బ్రిడ్జికి దగ్గర్లో, రైలు పనిలో చనిపోయినవాళ్ల కోసం 1944లో జపాన్ సైన్యమే కట్టించిన స్మారకం. అక్కడ రాతి పలకల మీద చాలా భాషల్లో రాసి ఉంది. ఒక పలక ముందు కాలు ఆగిపోయింది. తమిళం! చిత్తూరువాళ్లం కదా, బస్సు బోర్డులు చదివీ చదివీ ఆ అక్షరాలు మనకు సొంతం. అంత దూరంలో మనింటి పక్క లిపి కనిపించేసరికి గొంతు పట్టేసింది. మన పక్క నుంచి పోయినవాళ్లకు తెలుగు, తమిళం రెండూ వచ్చే ఉంటాయి. మీ పెద్దాయన గుర్తుగా నువ్వు నిలబడాల్సిన తావు అదే అని నా మనసుకు అనిపిస్తోంది.

హెల్‌ఫైర్ పాస్ గురించి కూడా చెప్పాలి. కొండను నిలువునా చీల్చి చేసిన దారి అది. రాత్రిళ్లు దీపాల వెలుగులో ఎముకల గూళ్లలాంటి మనుషులు పని చేస్తుంటే నరకంలా కనిపించిందని ఆ పేరు. మా ఫ్రెండు కుప్పంలో గ్రానైట్ క్వారీ సూపర్‌వైజర్. రాతి గోడ మీద గాడిలో బొటనవేలు పెట్టి కింది దాకా జరిపాడు. 'ఇది మిషన్ బెజ్జం కాదురా. ఒకడు ఉలి పట్టుకుని తిప్పాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి. జత తప్పితే చెయ్యి పోతుంది' అన్నాడు. ఒకచోట విరిగిన ఉలి ముక్క ఇంకా రాతిలోనే ఇరుక్కుని ఉంది. వాడు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. పక్కనే మ్యూజియం, టికెట్ లేదు, ఆడియో పెట్టె చేతికిస్తారు. తప్పకుండా తీసుకోండి.

మదనపల్లె_టీచరమ్మ:
బాబూ, హెల్‌ఫైర్ పాస్‌కు మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. మాంసం తినకపోతే 'జే' అని అడుగు, అర్థం చేసుకుంటారు. ఇంకో మాట. కాంచనబురిలో రెండు ఏర్లు, క్వే యై, క్వే నోయ్, కలుస్తాయి. రైలు దారి చాలా దూరం క్వే నోయ్ పక్కనే సాగుతుంది. ఆయన ఏ క్యాంపులో పోయినా ఆ నీళ్లు తాగే ఉంటాడు. సంగమం దగ్గర నువ్వులు, నీళ్లు వదిలితే బాగుంటుందేమో, ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. నువ్వులు అక్కడే దొరుకుతాయి.

అలిపిరి_వాసి:
అన్నా, మేడమ్, ఇద్దరికీ నమస్కారం. రాత్రి మీ మాటలన్నీ నాన్నకు చదివి వినిపించాను. తమిళ పలక దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమన్నాడు. తాను ఉండగా నేను నువ్వులు నీళ్లు వదలకూడదట. సంగమం నీళ్లు చిన్న సీసాలో పట్టుకురమ్మన్నాడు, తానే వదులుతాడట. ఫ్రెండు కూడా ఒక రాత్రి అక్కడ ఉండటానికి ఒప్పుకున్నాడు, సీసా పగలకుండా తెచ్చే బాధ్యత తనదన్నాడు. పొద్దున్నే అమ్మ గాంధీ రోడ్డుకు పోయి పంచె ఒకటి తెచ్చి బీరువాలో పెట్టింది, ఈ సంక్రాంతికి.