ఐఎల్టీఎస్‌లో రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 దగ్గరే ఆగిపోయాయి. ఆ అర పాయింటు ఎక్కడ పోతోంది?

రాజోలు_నర్సమ్మ:

అందరికీ నమస్కారమండి. బీఎస్సీ నర్సింగ్ అయ్యింది, అమలాపురంలో డ్యూటీ చేస్తున్నాను. యూకేలో నర్సులను నమోదు చేసే ఎన్‌ఎంసీ అనే సంస్థలో రిజిస్ట్రేషన్ కోసం ఐఎల్టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాశాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 వచ్చాయి. వాళ్లు అడిగేది రైటింగ్‌లో 6.5, మిగతా మూడింట్లో 7. రెండింట్లోనూ అర పాయింటే తక్కువ.

కోచింగ్‌లో ఇచ్చిన ఎస్సే టెంప్లేట్లు, స్పీకింగ్‌లో మాట్లాడమని ఇచ్చే విషయాల కార్డులకి (క్యూ కార్డులు) 60 జవాబులు కంఠతా వచ్చు. నైట్ డ్యూటీల వల్ల రోజుకి గంట, గంటన్నర కంటే కుదరదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరు. రెండు నెలల్లో మళ్లీ రాద్దామని ఉంది. దేని మీద పని చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం_మాష్టారు:

అమ్మా, మీ పాత మార్కులు ఇంకా పనికొస్తాయి. ఎన్‌ఎంసీ 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల స్కోర్లు కలిపి చూస్తుంది. రెండుసార్లూ నాలుగు సెక్షన్లూ రాయాలి, ఏ సారీ రైటింగ్ 6 కంటే, మిగతావి 6.5 కంటే తగ్గకూడదు. మీరు ఆ గీతకి పైనే ఉన్నారు. కాబట్టి లిజనింగ్, రీడింగ్ జారిపోకుండా వారానికి ఒక్కో టెస్టు చేసుకుని, మిగతా టైమంతా ఈ రెండింటికే పెట్టండి.

రైటింగ్ సంగతి నేను చెబుతాను. టాస్క్ 2 అంటే ఎస్సే, టాస్క్ 1 అంటే గ్రాఫు లేదా డయాగ్రమ్ వివరించడం. టాస్క్ 2 కి టాస్క్ 1 కంటే రెట్టింపు బరువు. అందుకే 60 నిమిషాల్లో 40 టాస్క్ 2 కి, 20 టాస్క్ 1 కి. దేన్నయినా నాలుగు కొలతలతో దిద్దుతారు: అడిగినదానికి జవాబు ఇచ్చారా, విషయం వరసగా నడిచిందా, పదాలు, వ్యాకరణం. నాలుగూ సమానం. టెంప్లేటు వీటిలో వరసకి మాత్రం కాస్త ఊతమిస్తుంది, మిగతా మూడింటినీ కిందకి లాగుతుంది. "ఇన్ దిస్ మోడర్న్ ఎరా, ఇట్ ఈజ్ ఎ హాట్లీ డిబేటెడ్ టాపిక్" అన్న వాక్యం ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. అందువల్లే దానికి విలువ లేదు. పైగా బట్టీ పట్టిన వాక్యం నున్నగా ఉండి, పక్కనే మీ సొంత వాక్యం తప్పులతో ఉంటే ఆ అతుకు దిద్దేవాళ్లకి వెంటనే కనబడుతుంది.

వ్యాకరణంలో 6 కీ 7 కీ తేడా చెప్పేది ఒక్క మాట: 7 కి తప్పులేని వాక్యాలు తరచుగా ఉండాలి. 8 కి ఎక్కువ భాగం తప్పు లేకుండా ఉండాలి. వాక్యం ఎంత పొడుగన్నది కాదు ఇక్కడ లెక్క. మీ పాత ఎస్సే ఒకటి తీసి, వాక్యాలకి నంబర్లు వేసి, ఒక్క తప్పూ లేనివి ఎన్నో లెక్కపెట్టండి. పద్నాలుగింట్లో నాలుగో అయిదో వచ్చాయంటే అర పాయింటు అక్కడే పోయింది.

మన వాళ్లందరికీ ఇంచుమించు అవే తప్పులు వస్తాయి, ఎందుకంటే అవి తెలుగులోంచి వస్తాయి. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి "గవర్నమెంట్ షుడ్ బిల్డ్ హాస్పిటల్" అని రాసేస్తాం. "ద గవర్నమెంట్", "ఎ హాస్పిటల్" లేదా "హాస్పిటల్స్" అనాలి. "అయిదేళ్ల నుంచి" అన్నది మనసులో ఉంటుంది గనక "సిన్స్ ఫైవ్ ఇయర్స్" వస్తుంది; అది "ఫర్ ఫైవ్ ఇయర్స్". "వన్ ఆఫ్ ద రీజన్" కాదు, "రీజన్స్". "డిస్కస్ అబౌట్" లో అబౌట్ అక్కర్లేదు. "పీపుల్ ఆర్ హ్యావింగ్ కార్స్" కాదు, "పీపుల్ హ్యావ్". ఈ అయిదే ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. ఎస్సే అయ్యాక అయిదుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్క తప్పునే వెతుకుతూ. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు.

టాస్క్ 1 లో చాలామందికి దెబ్బ తగిలేది ఓవర్‌వ్యూ దగ్గర. గ్రాఫులో అంకెలన్నీ వరసపెట్టి చెప్పి, మొత్తం మీద ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పకపోతే ఆ మొదటి కొలతలో 5 దాటడం కష్టం. ఇంట్రో రాసిన వెంటనే ఓవర్‌వ్యూ రాసెయ్యండి, చివరికి ఉంచితే టైము మింగేస్తుంది. అందులో అంకెలు పెట్టకండి. కారణాలూ మీ అభిప్రాయమూ టాస్క్ 1 లో ఎక్కడా వద్దు. గ్రాఫులో మిలియన్లు ఉంటే మిలియన్లే రాయండి, లక్షలూ కోట్లూ వద్దు. 12 లక్షలంటే 1.2 మిలియన్.

కడియం_పూలతోట:

మాష్టారు రైటింగ్ బాగా చెప్పారండి. నేను స్పీకింగ్ చెబుతాను.

మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. పార్ట్ 1 లో ఇల్లు, పని, ఊరు లాంటి మామూలు ప్రశ్నలు, నాలుగయిదు నిమిషాలు. పార్ట్ 2 లో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాల దాకా మీరే మాట్లాడాలి. పార్ట్ 3 ఆ విషయం మీదే లోతైన చర్చ, మళ్లీ నాలుగయిదు నిమిషాలు.

60 కార్డులు కంఠతా పట్టడం మానెయ్యండి చెల్లీ. అప్పజెప్పేటప్పుడు గొంతు సాపుగా అయిపోతుంది, పాఠం చదివినట్టు ఉంటుంది. పార్ట్ 3 లో తెలియని ప్రశ్న రాగానే అదే మనిషి తడబడితే ముందుదంతా బట్టీ అని తేలిపోతుంది. 60 జవాబుల బదులు మీకు బాగా తెలిసిన ఎనిమిది, పది విషయాలు ఎంచుకుని ఒక్కోదాన్ని నాలుగైదు రకాలుగా చెప్పడం నేర్చుకోండి. మన ప్రాంతంలోనే కావలసినంత సరుకు ఉంది.

పూతరేకులే తీసుకోండి. "సంప్రదాయ వంటకం", "చేతిపని", "మీరు ఇచ్చిన బహుమతి", "ఓపిక కావలసిన పని": ఈ నాలుగు కార్డులకీ ఆత్రేయపురం పూతరేకు సరిపోతుంది. బోర్లించిన కుండ వేడెక్కుతుంది, బియ్యం పిండి నీళ్లలో గుడ్డ ముంచి దాని మీద ఒక్కసారి లాగుతారు, క్షణాల్లో రేకు లేచి వస్తుంది, నెయ్యి రాసి బెల్లప్పొడి చల్లి మడుస్తారు. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే కావలసినవి పెద్ద పదాలు కావు, సరైన క్రియలు: డిప్, స్ప్రెడ్, పీల్ ఆఫ్, స్ప్రింకిల్, ఫోల్డ్. "ఇట్ ఈజ్ వెరీ టేస్టీ" అని మూడుసార్లు అనడం కంటే "ద షీట్ ఈజ్ యాజ్ థిన్ యాజ్ పేపర్ అండ్ ఇట్ మెల్ట్స్ ఇన్ యువర్ మౌత్" అంటే పదాల కొలతలో ఎక్కువ పలుకుతుంది.

అలాగే ధవళేశ్వరం ఆనకట్ట. "ఉపయోగపడే కట్టడం", "నీటి దగ్గర చోటు", "గౌరవించే చారిత్రక వ్యక్తి". 1852 లో పూర్తయ్యిందని, కాటన్ దొర కట్టించాడని చెబుతున్నప్పుడు పాసివ్ వస్తుంది. అంతకుముందు ఎలా ఉండేదో చెబితే "యూజ్డ్ టు" వస్తుంది. "ఇఫ్ ఇట్ హ్యాడ్ నాట్ బీన్ బిల్ట్, అవర్ ఫీల్డ్స్ వుడ్ హ్యావ్ స్టేడ్ డ్రై" అన్న ఒక్క వాక్యంతో మీ వ్యాకరణం పరిధి కనబడుతుంది. విషయం మీకు తెలుసు కాబట్టి మెదడు భాష మీద పెట్టొచ్చు.

ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాయకండి. ఆరు మాటలు చాలు, వాటిలో ఒకటి గతం గురించి, ఒకటి ముందు ముందు గురించి ఉండేలా చూసుకోండి. అప్పుడు కాలాలు వాటంతటవే మారతాయి. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ మధ్యలో ఆపేస్తారు, అది తప్పు చేసినందుకు కాదు. ప్రశ్న వినపడకపోతే మళ్లీ అడగమనండి, అందుకు మార్కులు పోవు.

ఇక ఉచ్చారణ. యాస గురించి భయం వద్దు, విదేశీ యాస తెచ్చిపెట్టుకుంటే ఇంకా పాడవుతుంది. చూసేది అర్థమవుతోందా లేదా అన్నదే. మనకి మార్కు తీసేవి ఇవి. "ఎగ్జామ్" ని "యెగ్జామ్" అనడం, "ఓన్లీ" ని "వోన్లీ" అనడం. "బెడ్డు", "కప్పు", "ఫైలు" అని చివర ఉకారం చేర్చడం. "వాష్డ్" ని "వాషెడ్" అనడం. అక్కడ చివర "ట్" పలుకుతుంది, "వాష్ట్". "వాంట్", "నీడ్" లాంటి ట, డ లతో ముగిసేవాటికే "ఇడ్" వస్తుంది. "జీరో", "ఈజీ" లలో మన జ కాదు, స పలుకుతూ గొంతు మోగించాలి. గొంతు మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

మీరు నర్సు కాబట్టి "వ" దగ్గర ఎక్కువ జాగ్రత్త. "వార్డ్", "వూండ్" కి పెదవులు గుండ్రంగా, పళ్లు తగలకుండా. "వెయిన్", "వామిటింగ్", "వ్యాక్సిన్" కి పైపళ్లు కింది పెదవిని తాకాలి. రోజూ డ్యూటీలో వాడే ఈ అయిదు మాటలూ అద్దం ముందు పదేసి సార్లు అనండి.

రాజోలు_నర్సమ్మ:

చాలా థాంక్సండి ఇద్దరికీ. మాష్టారు చెప్పినట్టు పాత ఎస్సేలో లెక్కపెట్టాను. 15 వాక్యాల్లో తప్పులేనివి 5. ఎక్కువ తప్పులు ఆర్టికల్స్ దగ్గరే. ఇప్పుడు రోజుకో కొత్త ఎస్సే రాయమంటారా? మాట్లాడటానికి ఎవరూ లేకపోతే స్పీకింగ్ ఎలా చెయ్యాలి?

పాలకొల్లు_టైపిస్టు:

రోజుకో కొత్త ఎస్సే వద్దండి. కొత్తది రాసిన ప్రతిసారీ పాత తప్పులనే మళ్లీ చేసి అలవాటు చేసుకుంటారు. వారానికి రెండే రాయండి. మొదటి రోజు టైము పెట్టుకుని 40 నిమిషాల్లో, రెండో రోజు దిద్దుకోవడం, మూడో రోజు దిద్దినదాన్ని చూడకుండా మళ్లీ మొదటినుంచి రాయడం. ఆ మూడోసారి రాసినదాంట్లోనే ఎదుగుదల ఉంటుంది. నైట్ డ్యూటీ దిగిన రోజు ఎస్సే పెట్టుకోకండి, ఆ రోజు పావుగంట స్పీకింగ్ చాలు.

40 నిమిషాల్లో మొదటి 5 ఆలోచనకి, చివరి 5 దిద్దుకోవడానికి. ఆలోచన అంటే ప్రశ్నలో ఎన్ని ముక్కలున్నాయో చూసుకోవడం. "రెండు వాదనలూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి" అంటే ముక్కలు మూడు. చాలామంది మూడోది ఆఖరి లైనులో విసిరేస్తారు. అభిప్రాయం ఇంట్రోలోనే చెప్పి, చివరిదాకా అదే మాట మీద ఉండాలి. 250 పదాలు తప్పనిసరి, 270, 290 మధ్య ఆగితే దిద్దుకోవడానికి టైము మిగులుతుంది.

కంప్యూటర్ మీద రాస్తున్నట్టయితే పదాల లెక్క తెర మీద కనబడుతుంది గానీ స్పెల్లింగు తప్పుకి ఎర్రగీత రాదు. ఇంట్లో నోట్‌ప్యాడ్ లాంటి ఎర్రగీత రానిదాంట్లోనే టైపు చెయ్యండి. ఫోనులో కాదు, పెద్ద కీబోర్డు మీద.

మాట్లాడే మనిషి లేకపోతే ఫోను రికార్డరే మనిషి. కార్డు తీసి, నిమిషం ఆలోచించి, రెండు నిమిషాలు రికార్డు చెయ్యండి. వినండి. విన్నది ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి, "ఆ", "మీన్స్", "లైక్" లతో సహా. ఇది విసుగ్గానే ఉంటుంది, కానీ "యాక్చువల్లీ" రెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు అన్నామని తెలిసేది ఇలాగే. తర్వాత అదే కార్డు మళ్లీ చెప్పండి. మీలాగే పరీక్ష రాస్తున్న స్టాఫ్ ఇంకొకరుంటే పార్ట్ 3 కి ఒకరినొకరు ప్రశ్నలు వేసుకోండి, "ఎందుకు?" అని రెండుసార్లు గుచ్చి అడగాలి.

రాజోలు_నర్సమ్మ:

అలాగేనండి. పార్ట్ 3 కి మా హాస్టల్‌లో ఒకమ్మాయి ఉంది, అడుగుతాను. మాష్టారూ, టాస్క్ 1 లో ప్రాసెస్ డయాగ్రమ్ కోసం మా దగ్గర పీచు తాడు చేసే పని మీద రెండు వాక్యాలు రాశాను, చూస్తారా?

"ఫస్ట్‌లీ కోకోనట్ హస్క్స్ సోక్డ్ ఇన్ వాటర్ సిన్స్ మెనీ మంత్స్. ఆఫ్టర్ దట్ వర్కర్స్ ఆర్ బీటింగ్ ఇట్ అండ్ టేకింగ్ ఫైబర్."

భీమవరం_మాష్టారు:

చక్కగా ఎంచుకున్నారమ్మా, కొబ్బరి డొక్కలు నానెయ్యడం నుంచి తాడు పేనడం దాకా దశలు స్పష్టంగా ఉన్నాయి. ఇలా మార్చండి:

"ఫస్ట్, కోకోనట్ హస్క్స్ ఆర్ సోక్డ్ ఇన్ వాటర్ ఫర్ మెనీ మంత్స్. దే ఆర్ దెన్ బీటెన్ సో దట్ ద ఫైబర్ కెన్ బి సెపరేటెడ్."

మొదటి వాక్యంలో "ఆర్" పోయింది, అది లేకపోతే డొక్కలే దేన్నో నానబెట్టినట్టు అవుతుంది. "సిన్స్" తప్పు నేను ముందు చెప్పినదే, మీ అయిదింటి కాగితంలో దాని పక్కన ఒక టిక్కు పెట్టుకోండి. ప్రాసెస్‌లో పని ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు కాబట్టి "వర్కర్స్" తీసేసి పాసివ్‌లోకి తెచ్చాను. ఎప్పుడూ జరిగే పని గనక "బీటింగ్" కుదరదు. హస్క్స్ చాలా ఉన్నాయి, కాబట్టి "ఇట్" కాదు, "దే". మిగతా దశలు కూడా రాసి, పైన ఓవర్‌వ్యూ రెండు వాక్యాలు పెట్టి ఆదివారంలోగా ఇక్కడే వెయ్యండి, చూస్తాను.