సొంత కారు యాప్‌లో అద్దెకిస్తే అది ‘షేరింగ్’ ఎలా అవుతుంది?

ఎల్లోప్లేటు: గంటకింత అని యాప్‌లో కారు అద్దెకిచ్చి, దానికి ‘కార్ షేరింగ్’ అని పేరు పెడుతున్నారు. మనకు మాటలు కరువా? వాడుకుని అదే వస్తువు తిరిగిచ్చేది ఎరువు. వడ్డీ లేకుండా చేతికిచ్చే డబ్బు చేబదులు. సొమ్ము పుచ్చుకుని ఇచ్చేది అద్దె, కిరాయి, బాడుగ. ఇన్ని ఉండగా ఇంకో మాట దేనికి?

వైట్‌ప్లేటు: సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోయే కారుని పదిమంది వాడుకుంటే పంచుకున్నట్టే. డబ్బు తీసుకుంటే షేరింగ్ కాదా? షేర్ ఆటో ఎక్కి ఊరికే దిగిపోతున్నారా?

తాళంచెవి: షేర్ ఆటో వచ్చేసింది. ఇక తెల్లారినట్టే.

ఎల్లోప్లేటు: అక్కడ పంచుకునేది ఎక్కినవాళ్లు. ఒకే దారి, తలా ఇంత. డ్రైవరుకి అది బతుకుతెరువు. మీ కారు తీసుకెళ్లినవాడు ఎవరితో పంచుకుంటున్నాడు?

లెక్కలమనిషి: పేరు పక్కన పెట్టి ఖర్చు చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కి.మీ. అనుకుందాం. లీటరుకి 16 ఇచ్చే కారుకి 17 లీటర్ల పైన పెట్రోలు, లీటరు 107 చొప్పున 1,840. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్లకి 300 వేసుకోండి. మొత్తం 2,140. నలుగురికి తలా 535. ఎక్కిన ముగ్గురి దగ్గర 500 చొప్పున తీసుకుంటే ఓనరు తన వాటా తాను పెట్టుకున్నట్టు. 900 చొప్పున తీసుకుంటే 2,700, అంటే ట్యాక్సీ. 2020 నవంబరులో యాప్‌లో బండ్లు కుదిర్చే సంస్థలకి కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల్లో ప్రైవేటు కార్ల పూలింగ్‌కి, అంటే ఇలా ఖర్చు పంచుకుని వెళ్లడానికి, ఊళ్లో రోజుకి 4, ఊళ్ల మధ్య వారానికి 2 ట్రిప్పులని హద్దు పెట్టింది కూడా ఇందుకే. సొంత పని మీద వెళ్లేవాడు అంతకన్నా తిరగడు.

వైట్‌ప్లేటు: అది కార్‌పూల్. నేనంటున్నది సెల్ఫ్ డ్రైవ్, డ్రైవరు లేకుండా కారు ఒక్కటే ఇవ్వడం. ఈఎంఐ కలిపితే ఇందులో మిగిలేది సున్నా.

లెక్కలమనిషి: ఈఎంఐలో వడ్డీ ఒక్కటే ఖర్చు, అసలు మీ ఆస్తి. కిరాయిదారు డబ్బుతో మీ అప్పు తీరుతుంది, కారులో వాటా మాత్రం అతనికి రాదు. ఇక ప్రైవేటు కారు ఇన్సూరెన్స్ పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అనే పేరా, అంటే కారు దేనికి వాడొచ్చో చెప్పేది, తీసి చదవండి. కిరాయికి తిప్పితే కవరేజీ లేదని ఉంటుంది. ఓన్ డ్యామేజీ, అంటే మీ కారుకైన నష్టం, క్లెయిము కొట్టేయడానికి ఆ ఒక్క లైను చాలు.

తాళంచెవి: హాఫ్ క్లచ్‌లో ఘాట్ ఎక్కించి క్లచ్ ప్లేటు కాల్చేస్తే మామూలు పాలసీ ఏదీ ఇవ్వదు. అది అరుగుదల కిందికి వస్తుంది. అప్పగించేటప్పుడు నాలుగు పక్కలే కాదు, బంపరు అడుగు, టైర్ల సైడ్‌వాల్, ఓడోమీటరు, పెట్రోలు ముల్లు, డిక్కీలో స్టెప్నీ, జాకీ కూడా ఫోటో తీయాలి. స్టెప్నీని ఎవరూ తీయరు, గొడవ అక్కడే వస్తుంది.

వైట్‌ప్లేటు: ఎల్లోప్లేటు గారి బాధ తెలుగు మాట మీద కాదులెండి. బేరాలు పోతున్నాయని.

ఎల్లోప్లేటు: అవును, అదే. దాచేదేముంది? పర్మిట్టు ట్యాక్సీ వాళ్లం మాకు. 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ మాకు. పర్మిట్టు లేకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద మొదటిసారే 10,000 ఫైను మాకు. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకీ నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నాయి, కార్లు అద్దెకిచ్చేవాళ్లకి లైసెన్సిచ్చే 1989 రెంట్ ఎ క్యాబ్ స్కీము ఉంది. ‘షేరింగ్’ అన్న ముసుగు వేసుకుంటే మీకివేవీ లేవు. ఒకే రోడ్డు, ఒకే వ్యాపారం, ప్లేటు రంగు మాత్రం వేరు, ట్యాక్సీకి పసుపు, సొంత కారుకి తెలుపు.

వైట్‌ప్లేటు: ఆ స్కీములో కనీసం 50 కార్లుండాలి సార్. ఒక్క కారున్నవాడు ఎక్కడికి పోవాలి?

ఎల్లోప్లేటు: ఆ 50 తీసేయమని అడగండి, నేనూ సంతకం పెడతా. కాకపోతే అర్జీలో ‘అద్దె’ అని రాయండి.

వైట్‌ప్లేటు: రాస్తా. ముందు షేర్ ఆటో సంగతి తేల్చండి.