భగవంతుడి మీద భారం వేయడం అంటే ఏమిటి? రోజువారీ కష్టాల్లో శరణాగతి గురించి ఒక సందేహం

ప్రశ్న: తులసికోట (ఒంగోలు)

పెద్దలందరికీ నమస్కారం. మావారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పట్టు తప్పాయి. ఆయన నడిపే చిన్న కిరాణా కొట్టును ఇప్పుడు ఉదయం పూట నేను తెరుస్తున్నాను, సాయంత్రం మరిదిగారు చూసుకుంటున్నారు. ఇంటి అప్పుకు నెలనెలా కట్టవలసిన వాయిదా, పాడేసిన చీటీకి కట్టవలసిన డబ్బు, పాప ఇంజనీరింగు కౌన్సెలింగు, ఆయనకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు రుసుము, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి.

మా అత్తగారు, ఇంటికి వచ్చే బంధువులు అందరూ ఒకటే మాట అంటున్నారు: "స్వామి మీద భారం వేసి నిశ్చింతగా ఉండు." నాకు దేవుడి మీద నమ్మకం లేక కాదు. పెళ్లికి ముందు నుంచీ గజేంద్రమోక్షం పద్యాలు చదువుకునే అలవాటు ఉంది, రోజూ విష్ణు సహస్రనామ పారాయణ చేస్తాను. అయినా రాత్రి పడుకున్నాక లెక్కలు మొదలవుతాయి, తెల్లవారుజాము దాకా నిద్ర పట్టదు. నిశ్చింత రాలేదు కాబట్టి నా భక్తి పైపైదేనా అని బాధ కలుగుతోంది.

రెండో సందేహం కూడా ఉంది. గీతలో స్వామి "సర్వధర్మాలనూ విడిచి నన్నొక్కడినే శరణు పొందు" అన్నాడు కదా. అటువంటప్పుడు బ్యాంకు మేనేజరు దగ్గరకు వెళ్లి గడువు పెంచమని బతిమాలుకోవడం, వారినీ వీరినీ సాయం అడగడం ఆయన మీద నమ్మకం లేకపోవడం కిందికి వస్తుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు (తిరుపతి)

అమ్మా, ముందు మీ రెండో సందేహం తీసుకుంటాను, ఎందుకంటే అది తీరితే మొదటిది సగం తేలిక పడుతుంది.

మీరు చెప్పిన శ్లోకం గీతలో 18వ అధ్యాయంలో 66వది. విడిచిపెట్టమన్నది పనిని కాదు. రామానుజాచార్యులవారు తమ భాష్యంలో దీనిని వివరిస్తూ, చేయవలసిన కర్మను చేస్తూనే దాని ఫలం మీద ఆశను, నేనే కర్తను అన్న భావాన్ని విడవడమే ఇక్కడ చెప్పిన త్యాగం అన్నారు. ఆ శ్లోకం విన్న తరువాత అర్జునుడు ఏం చేశాడో చూడండి: రథం దిగి ఇంటికి వెళ్లలేదు, "నీవు చెప్పినట్లు చేస్తాను" అని గాండీవం పట్టి యుద్ధానికి నిలబడ్డాడు. శరణు పొందినవాడు పని మానేస్తాడనుకునే మాట, ఆ శ్లోకం చెప్పిన కృష్ణుడికీ, విన్న అర్జునుడికీ కూడా తెలియని అర్థం.

రామాయణంలో విభీషణుడిది కూడా ఇదే తీరు. అన్నగారిని విడిచి, ఆకాశంలో నిలిచి శరణు కోరాడు. ఒక్కసారి "నీవాడను" అని అడిగినవానికి అభయమిస్తాను, ఇది నా వ్రతం అని రాముడు పలికాడు. ఆపైన విభీషణుడు విశ్రాంతి తీసుకోలేదు. లంక బలాబలాలను రాముడికి విడమరచి చెప్పాడు, సముద్రం దాటడానికి ఆలోచన చెప్పాడు. ఆశ్రయం దొరికిన తరువాతనే ఆయనకు అసలు పని మొదలైంది.

విష్ణు ఆరాధనను వివరించే పాంచరాత్ర ఆగమాలు శరణాగతికి ఆరు అంగాలు చెబుతాయి. భగవంతుడికి ఇష్టమైనది చేయాలన్న సంకల్పం, ఇష్టం కానిది మానడం, ఆయన రక్షిస్తాడన్న విశ్వాసం, నన్ను రక్షించు అని నోరు తెరిచి అడగడం, తనను తాను ఆయనకు అప్పగించుకోవడం, చివరిగా కార్పణ్యం, అంటే నా వల్ల కావడం లేదన్న దైన్యం. ఈ ఆరింటిలో "మనసులో దిగులు లేకపోవడం" అన్నది ఎక్కడా లేదు. పైగా దైన్యాన్నే ఒక అంగంగా పెట్టారు. రాత్రి మంచం మీద మీరు అనుభవిస్తున్న నిస్సహాయతను స్వామి ముందు పెట్టగలిగితే, మీరు శరణాగతికి దూరంగా లేరు, దాని లోపలే ఉన్నారు.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఈ విషయం మీద పెద్ద చర్చ జరిగింది. కోతిపిల్ల తల్లిని తానే కరచుకుని ఉంటుంది, పిల్లికూనను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. జీవుడు ఎవరిలాగా ఉండాలన్నది ప్రశ్న. ఆ సంప్రదాయంలోని రెండు శాఖలలో వడకలై వారు మొదటి దృష్టాంతాన్ని, తెంకలై వారు రెండవదానిని చెబుతారు. ఆ చర్చ మోక్షం గురించినది, ఇంటి అప్పు గురించినది కాదు. రెండు శాఖల వారూ, శరణాగతి చేసినవాడు తన నిత్యకర్మలను విడవకూడదని, వాటిని స్వామికి చేసే కైంకర్యంగా, అంటే సేవగా చేయాలనే చెప్పారు. కాబట్టి మీరు కొట్టు తెరవడం, మీవారి చేత వ్యాయామం చేయించడం, బ్యాంకుకు వెళ్లడం, అన్నీ కైంకర్యమే. మేనేజరు ఒప్పుకుంటాడా లేదా అన్నది మాత్రమే మీ చేతిలో లేనిది, అప్పగించవలసింది అదే.

జవాబు: తెల్లచీర (విజయవాడ)

నేను నర్సుగా పనిచేస్తున్నాను, పక్షవాతం వచ్చినవారి వార్డులో చాలాకాలం ఉన్నాను. శాస్త్రం పంతులుగారు చెప్పారు కాబట్టి నేను నాకు తెలిసిన సంగతులు మాత్రం రాస్తాను.

పక్షవాతం వచ్చిన తొలి నెలలు చాలా విలువైనవి. మెదడు కోలుకునే వేగం ఆ కాలంలోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి వ్యాయామాన్ని ఏ కారణం చేతా ఆపకండి. డబ్బు కష్టంగా ఉంటే, థెరపిస్టును రోజూ పిలవలేకపోయినా, ఆయన దగ్గర కదలికలన్నీ నేర్చుకుని మీరో మరిదిగారో ఇంట్లో చేయించవచ్చు. రక్తపోటు మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు. దేవుడే చూసుకుంటాడని మందులు ఆపేసి, రెండోసారి పక్షవాతంతో వచ్చినవారిని నేను చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వైకల్యం మిగిలేలా ఉంటే సదరం ధ్రువపత్రం గురించి మీ వార్డు సచివాలయంలో అడగండి, పింఛనుకు అదే ఆధారం.

ఇక మీ నిద్ర సంగతి. రోగిని చూసుకునే భార్యకు నిద్ర పట్టకపోవడం భక్తి కొలత కాదమ్మా, అది ఒంటి అలసట, మనసు అలసట. వారాల తరబడి ఇలాగే సాగితే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. సహాయం అడగడం గురించి మీరు పడుతున్న సంకోచం నాకు అర్థమైంది; కానీ స్వామి మనుషుల చేతుల మీదుగా కాక ఇంకెలా వస్తాడని మీరు ఎదురుచూస్తున్నారు?

జవాబు: గోదావరి గట్టు (భద్రాచలం)

తులసికోట గారూ, మీరు రోజూ చదువుకునే గజేంద్రమోక్షంలోనే మీ మొదటి సందేహానికి జవాబు ఉంది. ఆ ఏనుగు మొసలి నోట చిక్కిన వెంటనే శరణు అనలేదు, వేయి సంవత్సరాలు పోరాడింది. పోరాడి పోరాడి శక్తి ఉడిగాక ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ప్రార్థన మధ్యలో పోతనగారు దాని చేత ఏమనిపించారు? "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని. ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా! ఇంతకంటే పెద్ద సందేహం ఏముంటుంది? ఆ తరువాతే "లావొక్కింతయు లేదు" పద్యం వస్తుంది, "నీవే తప్ప ఇతఃపరం బెరుగ" అంటుంది. సందేహించిందని స్వామి రావడం మానుకోలేదు, లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు ధరించకుండా పరుగున బయలుదేరాడు. సందేహం తొలగాకనే ప్రార్థించాలన్న నియమం ఆ కథలో లేదు.

మా ఊరి రామదాసుగారిని కూడా తలచుకోండి. పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉన్న కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించాడన్న నేరం మీద తానీషా కాలంలో గోలకొండ చెరసాలలో మగ్గాడు. ఆ చెరలో ఆయన పాడినవి నిశ్చింతగా పాడిన పాటలు కావు. ఏ నగ ఎవరికి చేయించాడో ఒక్కొక్కటిగా లెక్క చెప్పి, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అని నిలదీశాడు. ఆ కీర్తనలోనే, దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అని వేడుకున్నాడు. తిట్టినా వేడినా రాముడినే. మరొకరి వైపు తిరగలేదు. విశ్వాసం అంటే నాకు తెలిసింది అదే. రాత్రి లెక్కలు ముసిరినప్పుడు, ఆ లెక్కలను మీలో మీరు చేసుకునే బదులు గట్టిగా ఆయనకే చెప్పండి: వాయిదా ఇంత, చీటీ ఇంత, పాప ఫీజు ఇంత అని. కోపం వస్తే కోపంగానే చెప్పండి.

తులసికోట (ఒంగోలు)

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞురాలిని. సోమవారం బ్యాంకుకు వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఇంకొక్క మాట అడుగుతాను. ఇదంతా పూర్వజన్మ కర్మ అని ఒక బంధువు మా పాప ఎదుటే అన్నారు. అప్పటినుంచి "నాన్న ఏం తప్పు చేశాడమ్మా" అని అది అడుగుతోంది. దానికి ఏమని చెప్పాలి?

జవాబు: విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు (తిరుపతి)

అమ్మా, గజేంద్రుడికి కూడా పూర్వజన్మ కథ ఉంది. ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు అగస్త్య మహర్షి శాపం వల్ల ఏనుగుగా పుట్టాడు. కానీ ఆ సంగతి భాగవత కథ చెబుతున్న శుకమహర్షి ఎప్పుడు చెప్పాడు? మొసలి చచ్చి, ఏనుగు గట్టెక్కిన తరువాత. కాలు మొసలి నోట్లో ఉన్నంతసేపూ ఎవరూ దానికి శాపం కథ వినిపించలేదు, పరుగున వచ్చిన స్వామి కూడా పాత లెక్క అడగలేదు. నాన్న ఏ తప్పూ చేయలేదని, రక్తపోటు వల్ల మెదడులో రక్తం అందక ఇలా జరిగిందని పాపకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ బంధువు మళ్లీ వస్తే, ఆయన చేత ఒక పూట మీవారిని నడిపించండి.