వాటర్ బెల్ మోగుతోంది సరే, పిల్లలు నీళ్లు తాగుతున్నారా?

చీరాల_అమ్మ:
మా అమ్మాయి ఏడో తరగతి. పొద్దున్న నింపి పంపిన బాటిల్ సాయంత్రం అదే బరువుతో తిరిగొస్తోంది. వాళ్ల బడిలో వాటర్ బెల్ కొడతారు. 2019లో కేరళలో మొదలైంది, తర్వాత మన దగ్గరకూ వచ్చింది. 2024 ఎండల్లో ఆంధ్రలో ఒంటిపూట బడులప్పుడు రోజుకు మూడుసార్లు కొట్టమన్నారు. మీ పిల్లలైనా తాగుతున్నారా?

లెక్కల_మాస్టారు:
బెల్ కొట్టేవాడికేం, తేలికే. నా క్లాసులో నలభై మంది. బాటిళ్లు తీసి, ఒకడు పక్కవాడి నోట్సు మీద ఒలకబోసి, ఆ పంచాయితీ తీర్చి మళ్లీ సుద్దముక్క పట్టేసరికి రెండు నిమిషాలన్నది ఎనిమిదవుతుంది. మూడు బెల్లులకు 24 నిమిషాలు. సగం పీరియడ్ కంటే ఎక్కువ. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

రాగిచెంబు:
ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్లు వేడెక్కి వాసనొస్తాయి, అందుకే తాగరు. రాగి బాటిల్ కొనండి.

దేవరకొండ_కుర్రోడు:
ముందు ఏ నీళ్లో అడగండి, ఎన్ని నీళ్లో తర్వాత. మా నల్గొండ వైపు చిన్నప్పుడు బడి బోరింగు దగ్గర తాగొద్దనే ఇంట్లో చెప్పి పంపేవారు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లతో మొదలుపెట్టి ఎముకల దాకా పోతుంది. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి, ఫొటోల్లో నోరు మూసుకునే నవ్వుతా. మిషన్ భగీరథ వచ్చాక మా ఊళ్లో చాలా మారింది గానీ, బడి ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో ఎవరైనా చూశారా?

లెక్కల_మాస్టారు:
ట్యాంకు సంగతి వేరే చర్చ పెట్టుకోండి. నా 24 నిమిషాలకు జవాబు?

డల్లాస్_నాన్న:
ఇక్కడ మా వాడి క్లాసులో బెల్లూ గిల్లూ ఏం లేదు. బాటిల్ బల్ల మీదే ఉంటుంది, దాహమేస్తే తాగుతాడు.

దేవరకొండ_కుర్రోడు:
ఏసీ కూడా ఉంటుంది కదండీ. మాకు రేకుల కప్పు.

చీరాల_అమ్మ:
మాస్టారూ, మీ లెక్క ఆపండి కాసేపు. చెప్పాలా వద్దా అనుకున్నా, చెప్తా. కిందటేడు మా పిల్లకు చలిజ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "బడిలో బాత్రూంకి వెళ్తావా?" అడ్డంగా తలూపింది. తలుపుకి గడియ లేదట. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. బెల్ మోగగానే మా పిల్ల బాటిల్ ఎత్తి పెదాలు తడుపుకుని దించేస్తుందట. ఒకసారి ఆగలేక క్లాసులో అడిగితే "ఇప్పుడేగా ఇంటర్వెల్ అయింది, కూర్చో" అన్నాడు మీలాంటి మాస్టారే.

లెక్కల_మాస్టారు:
"మీలాంటి" అనకండి. ఆయనెవరో, నేనెవరో. ఒకరిని పంపితే పదిమంది చిటికెన వేళ్లు లేస్తాయి. రెండేళ్ల కిందట ఒంటికెళ్తానని బయటికెళ్లిన వాడు ప్రహరీ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడి నాన్న ఊరంతటినీ వెంటేసుకొచ్చాడు. మెమో ఎవరికొచ్చింది? నాకు. ఇంక్రిమెంటు ఎవరిది ఆగింది? నాది. వాటర్ బెల్ కొట్టమన్న వాళ్లెవరూ ఆ రోజు గేటు దగ్గర లేరు.

చీరాల_అమ్మ:
అయితే మీ గొడవ నిమిషాల గురించి కాదన్నమాట. ఆ మాట మొదటే అనొచ్చుగా!

లాపాయింటు:
సుప్రీంకోర్టు 2012 అక్టోబరులోనే అన్ని బడుల్లో ఆరు నెలల్లోగా తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. ఆంధ్రలో అమ్మఒడి 15 వేలలో వెయ్యి మినహాయించి టాయిలెట్ల నిర్వహణ నిధికి మళ్లించిన సంగతీ గుర్తుందా? ఆయా జీతం, ఫినాయిలు అందులోంచే. అంటే ఆ గడియకి డబ్బు కట్టింది తల్లులే.

ఖమ్మం_టీచరమ్మ:
ఇంతసేపూ చదువుతున్నా, ఇక ఉండబట్టలేదు. నాది 14 ఏళ్ల సర్వీసు. అందులో ఆరేళ్లు స్టాఫ్‌కి బాత్రూం లేని బడిలో చేశా. పొద్దున్న గ్లాసుడు టీ, మళ్లీ ఇంటికొచ్చాకే నీళ్లు. బెల్ కొట్టి పిల్లలతో "తాగండమ్మా" అనేదాన్ని, నా బాటిల్ మాత్రం బల్ల మీద అలంకారానికి. అయిదో క్లాసు పిల్ల ఒకతి అడిగేసింది, "మీరు తాగరేం టీచర్" అని. ఏం చెప్పను? గొంతు బాలేదన్నా.

లెక్కల_మాస్టారు:
మేడమ్, అది నాకు తెలియంది కాదు. మా మగవాళ్లం గోడవారకు పోతాం, నిజమే. అయినా నాదొకటే మాట. నీళ్ల బెల్‌తో పాటు ఒంటికి అయిదు నిమిషాలని టైంటేబుల్లో రాసి, వరండాలో ఒక మనిషిని నిలబెట్టమనండి. హెడ్మాస్టరు సంతకం ఉండాలి. అప్పుడు మొత్తం క్లాసునే పంపుతా.

చీరాల_అమ్మ:
అప్పటిదాకా మా పిల్ల పెదాలు తడుపుకుంటూ ఉంటుందా? శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఇంకో ముగ్గురు తల్లులు వస్తామన్నారు. గడియ మేమే కొనుక్కెళ్తాం. బిగించే మనిషిని మాత్రం బడివాళ్లు పిలవాలి.

ఖమ్మం_టీచరమ్మ:
లోపలి వైపు, పిల్లల చేతికందే ఎత్తులో బిగించమని చెప్పండి. మా బడిలో పెద్దవాళ్ల ఎత్తుకి పెట్టారు.

రాగిచెంబు:
స్టీలు బాటిలైనా పర్లేదు. రాగిదైతే నిమ్మరసం, మజ్జిగ పోయకండి.