దుబాయ్‌కి కొత్తగా వస్తున్నాను: ఇన్ని గ్రూపుల్లో ఎవరి మాట నమ్మాలి?

మలికిపురం నుంచి ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మాది మలికిపురం దగ్గర ఒక పల్లె. ఐటీఐ పూర్తి చేసి, రాజమండ్రిలో కొంతకాలం ఏసీ మెకానిక్‌గా పనిచేశాను. దుబాయ్‌లోని ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఇచ్చిందంటూ తెలిసినవారొకరు వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపారు. ముందు విజిట్ వీసా మీద బయలుదేరితే, అక్కడికి చేరిన తరువాత దాన్ని వర్క్ వీసాగా మార్పిస్తామని చెబుతున్నారు. ఫేస్‌బుక్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ కనిపించిన తెలుగు గ్రూపులన్నిటిలో చేరాను కానీ, ఒకరు రమ్మంటే మరొకరు వద్దంటున్నారు. గది అద్దె విషయంలోనూ ఎవరి లెక్క వారిదే. ఇంత సమాచారంలో పనికివచ్చేది ఏరుకోవడం ఎలాగో దయచేసి చెప్పగలరు.

అంబాజీపేట నుంచి, ప్రస్తుతం దుబాయ్‌లో

తమ్ముడు గారూ, గ్రూపుల్లో చేరి మంచి పనే చేశారు. కొత్త దేశానికి వచ్చేవారికి అసలు ఏమేమి అడిగి తెలుసుకోవాలో తెలియదు. ముందుగా వచ్చినవారి కబుర్లు చదివితేనే అది తెలుస్తుంది. అయితే అక్కడ తెలిసిన ప్రతి సంగతినీ, దానిపై అధికారం ఉన్న చోట మళ్లీ సరిచూసుకోవాలి. మీ ఆఫర్ లెటర్‌తోనే మొదలుపెడదాం. యూఏఈలో ప్రైవేటు కంపెనీ ఇచ్చే ఆఫర్, మోహ్రే అని అందరూ పిలిచే కార్మిక మంత్రిత్వ శాఖ నమూనాలో ఉండాలి. దానిపై ఉండే ట్రాన్సాక్షన్ నంబరును ఆ శాఖ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. కంపెనీకి లైసెన్సు ఉన్నదీ లేనిదీ యూఏఈ కంపెనీల వివరాలుండే నేషనల్ ఎకనామిక్ రిజిస్టర్‌లో వెతకండి. ఈ రెండు పనులకూ మలికిపురంలో కూర్చుని ఫోన్ చేతిలో ఉంటే చాలు.

విజిట్ వీసా మీద వచ్చి, ఇక్కడే ఉద్యోగం వెతుక్కుని, వర్క్ పర్మిట్‌కు మారినవారు నిజంగానే ఉన్నారు. కానీ పర్మిట్ రాకముందే పనిలో దిగడం చట్టవిరుద్ధం. గ్రూపులో "నేనూ అలాగే వచ్చానండి, ఏమీ కాలేదు" అని రాసేవారు అబద్ధం చెబుతున్నారని నేను అనను. అలా వచ్చి, పని దొరకక, అప్పుతో ఇంటికి తిరిగి వెళ్లినవారు సాధారణంగా గ్రూపు నుంచి కూడా వెళ్లిపోతారు కనుక, మీకు కనిపించేవి నిలదొక్కుకున్నవారి మాటలే.

ఏజెంటు సంగతి వస్తే, మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరయిన రిక్రూటింగ్ ఏజెంట్ల పేర్లు ఉంటాయి. వారు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు మన చట్టంలో చోటు లేదు. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చులను యజమాని కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. మీరు పదో తరగతి దాటారు కనుక మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి, అవసరం ఉండదు. అంతమాత్రాన ఏజెంటును పరిశీలించకుండా వదిలేయకండి.

ఇక ఏ కబురును ఎంతవరకు నమ్మాలన్నది మనవారికి కొత్త విద్య కాదు. వరద రోజుల్లో లంకల్లో "గోదావరి పెరుగుతోందట" అంటే ఎవరూ సామాను సర్దరు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు, ఎన్ని గంటల లెక్క అని అడుగుతారు, 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాటి 17.75 అడుగుల మూడో హెచ్చరిక వైపు నడుస్తోందని తెలిస్తే కదులుతారు. గ్రూపులోని కబురునూ అలాగే అడగండి: ఏ నెల మాట, ఏ ఎమిరేట్ మాట, ఏ వీసా మీద ఉన్నవారికి జరిగింది, రాసినవారికే జరిగిందా లేక విన్నదా? బెడ్ స్పేస్, అంటే పంచుకునే గదిలో ఒక మంచం చోటు, చవకగా దొరుకుతుందని ఎవరైనా రాస్తే, అది ఏ పేటలో, కరెంటు, నీటి బిల్లులు కలిపా విడిగానా అన్నది లేనిదే ఆ అంకెకు విలువ లేదు. అనుమతి లేకుండా ప్లైవుడ్ అడ్డుగోడలు కట్టి అద్దెకిచ్చే గదుల మీద దుబాయ్ అధికారులు 2025 జూన్‌లో అల్ రిగ్గా, సత్వా వంటి చోట్ల గట్టి తనిఖీలు చేశారు కనుక, అంతకుముందు ఇచ్చిన సలహాలను మరింత జాగ్రత్తగా చదవాలి.

మరొక మాట. ఉద్యోగం వరకు తెలుగు గ్రూపుల కంటే, మీ పనివారి గ్రూపులే ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం. ఏసీ పని చేసే మలయాళీలు, ఉత్తరాదివారు హిందీలోనో ఇంగ్లీషులోనో రాసుకునే చోట ఏ కంపెనీ ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తుందో కూడా చర్చకు వస్తుంది. మనవారి గ్రూపుల్లో పండుగ శుభాకాంక్షలు, పూతరేకుల ప్రకటనలు కాస్త ఎక్కువ. అడిగేటప్పుడు "దుబాయ్‌లో జీతాలెలా ఉన్నాయండి" అని అడగకుండా, స్ప్లిట్ ఏసీలు, డక్ట్ పని వచ్చిన, ఇన్నేళ్ల అనుభవం ఉన్న టెక్నీషియన్‌కు వసతితో కలిపి ఎంత ఇస్తున్నారని అడిగితే, తెలిసినవారే జవాబిస్తారు. మీ ప్రశ్న చూసి జవాబును అక్కడే రాయకుండా ఇన్‌బాక్స్‌లోకి వచ్చి డబ్బు ప్రస్తావన తెచ్చేవారికి దూరంగా ఉండండి.

పాలకొల్లు నుంచి, ప్రస్తుతం షార్జాలో నర్సు

అన్నయ్య గారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. సలహా కోసం పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్ ఫోటోలను యథాతథంగా గ్రూపులో పెట్టేవారిని తరచూ చూస్తున్నాను. పేరు, నంబర్లు, పుట్టిన తేదీ కప్పకుండా ఏ కాగితాన్నీ పెట్టకండి. ఇక్కడికి వచ్చాక పంచుకోవడంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే 2021 నాటి 34వ నంబరు డిక్రీ చట్టం ప్రకారం వదంతులను, తప్పుడు వార్తలను ఆన్‌లైన్‌లో వ్యాపింపజేస్తే కనీసం ఒక సంవత్సరం జైలు, లక్ష దిర్హాముల జరిమానా పడవచ్చు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారి ఫోటో తీసి అనుమతి లేకుండా పంపడం కూడా నేరమే. ఊరివారికి కష్టం వచ్చిందని గ్రూపులో చందాలు పోగుచేయడం మనకు అలవాటే కానీ, ఇక్కడ అనుమతి ఉన్న సంస్థల ద్వారా తప్ప అలా చేయకూడదు. వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి, కాల్స్ మాత్రం సాధారణంగా కలవవు; అమ్మగారి ఫోన్‌లో బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్ ఒకటి వేయించి రండి.

మలికిపురం నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెటర్‌లో ట్రాన్సాక్షన్ నంబరు లేదండి. అడిగితే వీసా వచ్చాక ఇస్తామన్నారు. శుక్రవారంలోగా అడ్వాన్సు పంపమంటున్నారు.

అంబాజీపేట నుంచి, ప్రస్తుతం దుబాయ్‌లో

అయితే డబ్బు పంపకండి. ఉద్యోగి సంతకం చేసిన ఆఫర్ ఆధారంగానే వర్క్ పర్మిట్ వస్తుంది కనుక, వీసా తరువాత నంబరు ఇస్తామనడం వరుసనే తలకిందులు చేయడం. కంపెనీ లైసెన్సు రిజిస్టర్‌లో కనిపిస్తే, వారి సొంత వెబ్‌సైట్‌లోని చిరునామాకు నేరుగా రాసి, ఈ లెటర్ తమదేనా అని అడగండి. పంపినవారి పేరు ఈ-మైగ్రేట్‌లో లేకపోతే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఇక్కడికి వచ్చాక ఇబ్బంది ఎదురైతే మన విదేశాంగ శాఖకు ఫిర్యాదు చేసే మదద్ పోర్టల్, ఇక్కడి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్రం నడిపే ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉన్నాయి. కంపెనీ నుంచి ఏ జవాబు వచ్చినా తేదీ వేసి ఇక్కడ రాయండి. లెటర్ ఏ దారిన వచ్చింది, నంబరు ఉందా లేదా, వారు ఏమన్నారు అన్నంతవరకే రాయండి. మోసగాళ్లు అని పేరు పెట్టి రాస్తే, రేపు మీరు ఇక్కడికి వచ్చాక అదే మీ మీద కేసు కావచ్చు.