1965 నాటి రోనీ బర్డ్ ఈపీ: రెండో పాట చివర గొంతు చిరిగిపోతోంది

రోనీ బర్డ్ ఫ్రెంచ్ రాక్ గాయకుడు. 1964లో బడ్డీ హోలీకి నివాళి పాటతో మొదలుపెట్టి, ఆ దశాబ్దంతోనే దాదాపు ఆపేశాడు. రికార్డులు కొన్నే. అప్పటి ఫ్రెంచ్ కుర్ర పాటల్లో ఉండే తీపి ఇతని దగ్గర తక్కువ, లండన్ బ్యాండ్ల గరుకు ఎక్కువ. నాకు నచ్చింది అదే.

నా దగ్గరున్నది ‘ఎల్ మతాఁ’ ఈపీ, అంటే నాలుగు పాటల చిన్న గ్రామఫోన్ రికార్డు. పేరు పాట రోలింగ్ స్టోన్స్ ‘ది లాస్ట్ టైమ్’కి ఫ్రెంచ్ రూపం. ఏడంగుళాలు, 45 స్పీడు (నిమిషానికి 45 చుట్లు), మోనో (ఒకే చానెల్ శబ్దం), పక్కకి రెండు పాటలు. మొదటి పాట శుభ్రంగా వస్తుంది. రెండోది సగం దాటాక, ముల్లు లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ, ‘స’, ‘ష’ శబ్దాలన్నీ బరబరమంటాయి. చివరి అర నిమిషం మరీ ఘోరం. రెండు వైపులా ఇదే వరస.

ముల్లు ఎలిప్టికల్ (కొన కోలగా ఉండేది), కొని మూడు నెలలైంది. డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. ముల్లు గాడి మీద మోపే బరువు 1.8 నుంచి 2.2 గ్రాములకి పెంచాను, కాస్త తగ్గింది గానీ పోలేదు. ప్రొట్రాక్టర్ (కోణం చూసే కొలబద్ద) పెట్టి కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే తల) మళ్ళీ సరిచేశాను. యాంప్‌లో మోనో బటన్ నొక్కితే చిటపటలు తగ్గాయి, బరబర మాత్రం అలాగే ఉంది. అరవైల నాటి వేరే మోనో ఈపీ ఒకటి ఇదే సెట్టింగ్‌లో చివరిదాకా బాగానే పాడుతోంది.

అప్పటి బరువైన ముళ్ళు గాడిని అరగదీసి ఉంటాయని అనుమానం. ఇలాంటి అరిగిన మోనో ఈపీకి 1 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు) కోనికల్ ముల్లు, అంటే గుండ్రటి కొన ఉన్నది, వేసి చూసినవాళ్ళున్నారా, బరబర నిజంగా తగ్గిందా?