పదహారేళ్ల అమ్మాయి ఈ వేసవి ప్రయాణానికి రానంటోంది. బలవంతంగానైనా తీసుకెళ్లాలా?

సముద్రపుగాలి:

పదకొండేళ్లుగా ప్రతి వేసవిలో మేం ఒకే సముద్రతీరానికి వెళ్తున్నాం. తొమ్మిది రోజులు, అదే అద్దె ఇల్లు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు, బాబు ఇంకా నా కడుపులో ఉన్నాడు. ఇప్పుడు తనకి పదహారు, వాడికి పది.

తీరం చివర పెద్ద బండరాయి ఒకటి ఉంది. ఏటా పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తాను. మొదటి ఫోటోలో ఆ రాయి అమ్మాయి తల కంటే బాగా ఎత్తు. నిరుడు చూస్తే తన భుజం దాకానే ఉంది. ఇంట్లో రోజూ చూసే పిల్ల ఎంత ఎదిగిందో నాకు ఆ రాయి దగ్గరే తెలుస్తుంది.

ఈసారి రానంది. కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది. "అమ్మా, మీరు ముగ్గురూ వెళ్లి రండి. నేను పిన్ని వాళ్లింట్లో ఉంటాను. నా ఫ్రెండ్స్ అందరూ ఇక్కడే ఉంటున్నారు" అంది. మా ఆయనేమో "అడగడమేంటి, అందరం వెళ్తున్నాం, అంతే" అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. ఇంకో రెండేళ్లలో చదువు కోసం ఇల్లు వదిలి వెళ్తుంది. తనతో గడిపే వేసవులు ఇక ఎన్నో లేవు. మీ ఇళ్లలో ఇలాంటిది వస్తే ఏం చేశారో చెప్పండి.

ముగ్గురి నాన్న:

తీసుకెళ్లండి. నాకైతే ఇందులో అనుమానం లేదు.

"బలవంతం" అనే మాట వినగానే మనం భయపడిపోతున్నాం. రోజూ బడికి వెళ్లడం, పెద్దవాళ్లకి ఒంట్లో బాగోకపోతే వెళ్లి పలకరించడం... ఇవన్నీ పిల్లలకి ఇష్టమైతేనే చేయిస్తున్నామా? కుటుంబంతో ఏడాదిలో తొమ్మిది రోజులు గడపడం కూడా అలాంటిదే. పైగా పదహారేళ్లకి తనకి ఇప్పుడేం కావాలో తెలుస్తుంది కానీ, ముప్పై ఏళ్లకి ఏది కావాలనిపిస్తుందో ఎలా తెలుస్తుంది? అది మనకే తెలుసు, మనం ఆ వయసు దాటి వచ్చాం కాబట్టి.

మా పెద్దవాడు పదిహేనేళ్లప్పుడు కొండల మీదికి రానని మొండికేశాడు. తీసుకెళ్లాం. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వానలో దారి తప్పాం. నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. వాడు మ్యాప్ నా చేతిలోంచి తీసుకుని, వాగు ఏ వైపు పారుతోందో చూసి, గంటన్నరలో అందరినీ కిందికి చేర్చాడు. ఇప్పుడు వాడికి ఇరవై నాలుగు. ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తాడు. మొదటి రెండు రోజుల ముభావం వాడికి గుర్తే లేదు.

కిటికీ సీటు:

ముగ్గురి నాన్న గారూ, మీ అబ్బాయి విషయంలో అది బాగా జరిగింది, సంతోషం. నా విషయంలో జరగలేదు. నాకు పదిహేడేళ్లప్పుడు నన్నూ అలాగే తీసుకెళ్లారు. ఆ ప్రయాణంలో ఏమేం చూశామంటే చెప్పలేను. బయల్దేరే ముందు రాత్రి మా నాన్న "నీకు ఈ ఇంటికంటే ఆ స్నేహితులే ఎక్కువైతే వాళ్లింటికే పో" అన్న మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆరు రోజులు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. అమ్మ ఫోటోల్లో నవ్వమంటే నవ్వాను. ఆ ఫోటోలు ఇప్పటికీ ఇంట్లో గోడ మీద ఉన్నాయి.

నడివయసు దాటినవాళ్లని పాత సంగతులు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవే ఎక్కువ చెప్తారని జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్లు చాలాకాలంగా గమనిస్తున్నారు. పదహారేళ్లు సరిగ్గా అందులోనే ఉంది. ఆ వయసులో తగిలింది అంత తేలిగ్గా పోదు. మంచైనా, చెడైనా. తన వేసవిలో ఏం మిగలాలో ఒక్కసారి తననే ఎంచుకోనివ్వండి.

ముగ్గురి నాన్న:

మీరు పడిన బాధకి నిజంగా మనసు కలుక్కుమంది. అయితే నా మాట కూడా వినండి. మిమ్మల్ని గాయపరిచింది ప్రయాణం కాదు, మీ నాన్నగారు అన్న ఆ మాట. నేను తీసుకెళ్లమన్నాను కానీ, చులకన చేసి మాట్లాడమనలేదు.

ఇంకోటి. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో చేసిన ప్రయోగం ఒకటుంది. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, ఆపైన అర నిమిషం అదనంగా, కాకపోతే ఆ చివరి అర నిమిషంలో నీళ్లని ఒక్క డిగ్రీ వెచ్చబరిచారు. ఏది మళ్లీ చేస్తారంటే ఎక్కువమంది పొడుగాటి దాన్నే ఎంచుకున్నారు. చివర ఎలా ఉందో అదే మనసులో నిలిచింది. అందుకే మొదటి రెండు రోజుల మూతి ముడుపు చూసి నేను భయపడను. ఆఖరి రెండు రోజులు బాగా గడిచేలా చూసుకుంటాను. చాలామంది ఆ రెండు రోజుల్నే సర్దుకోవడంలో, ఒకరి మీద ఒకరు అరుచుకోవడంలో పోగొట్టుకుంటారు.

రెండోవాడు:

అందరూ తల్లిదండ్రుల వైపు నుంచో, రానన్న అమ్మాయి వైపు నుంచో మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో పదేళ్ల బాబు ఒకడున్నాడు. ఒకప్పుడు నేను ఆ బాబుని.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. తను మాతో రావడం మానేసిన ఏడాది నాకు పదకొండు. నన్నెవరూ ఏమీ అడగలేదు. "వెనక సీటంతా నీదే, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు" అని అమ్మ ఉత్సాహంగా చెప్పింది. నాకు కాళ్లు చాపుకోవాలని లేదు. మేమిద్దరం కనిపెట్టుకున్న ఆట ఉండేది. ఎదురొచ్చే లారీ రంగుని బట్టి పాయింట్లు, ఎర్రదానికి ఐదు, పచ్చదానికి పది. ఆ దారిలో ఎన్నో పచ్చ లారీలు వచ్చాయి. నేను లెక్కపెట్టాను కూడా. ఎవరికి చెప్పను? రాత్రుళ్లు లైటు తీసేశాక మాట్లాడుకోవడానికి పక్క మంచం మీద ఎవరూ లేరు. రెండేళ్లకి నేనే ఇక వద్దన్నాను, మా ఇంట్లో ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. అమ్మానాన్నలు అక్క వల్ల ఆగిపోయాయని అనుకున్నారు. నా వల్ల.

అక్కది తప్పని నేననను. తనకి పదిహేడేళ్లు, తన లోకం తనది. కానీ అంతకుముందు వేసవి మాకు చివరిదని నాకు తెలిసి ఉంటే బాగుండేది. సముద్రపుగాలి గారూ, మీరేం నిర్ణయించినా సరే, బాబుకి అక్కే కూర్చోబెట్టి చెప్పాలి. తను నిజంగా రాకపోతే వాడి ఈడు పిల్లవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకెళ్లండి.

వానచినుకు:

రెండోవాడు గారూ, మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నా ప్రశ్న కొంచెం పక్కదారి, క్షమించండి. మా పాపకి రెండేళ్లు. ఈ వేసవి మేం తొలిసారి వెళ్లాలనుకుంటున్నాం. "దానికేం గుర్తుంటుంది, ఐదేళ్లు వచ్చాక వెళ్లండి" అని అందరూ అంటున్నారు. నిజమేనా?

పాత డైరీ:

వానచినుకు అమ్మా, గుర్తుండదన్నది చాలావరకు నిజమే. పెద్దయ్యాక చాలామందికి అన్నిటికంటే పాత జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ల దగ్గర మొదలవుతుంది. ప్యాట్రీషియా బాయర్, మరీనా లార్కినా అనే పరిశోధకులు మూడేళ్ల పిల్లలతో తల్లులు మాట్లాడిన సంగతులు రికార్డు చేయించి, ఆ పిల్లల్నే కొన్నేళ్ల తర్వాత అవే అడిగారు. 5 నుంచి 7 ఏళ్లప్పుడు అడిగినవాళ్లు 60 శాతానికి పైగానే చెప్పారు. 8, 9 ఏళ్లు వచ్చాక అడిగితే 40 శాతం కూడా లేదు. అంటే ముందు గుర్తుండి, తర్వాత జారిపోతోందన్నమాట. ఇందులో మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. "అప్పుడేమైంది? నువ్వేం చూశావు?" అని పిల్లలచేతే చెప్పించుకునే తల్లుల పిల్లలకి పాత సంగతులు ఎక్కువ వివరంగా గుర్తుంటున్నాయని రాబిన్ ఫివుష్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి చూశారు. వెళ్లిరండి. పాపకి గుర్తులేనిది మీకు గుర్తుంటుంది, అది తక్కువేం కాదు.

ఇక సముద్రపుగాలి అమ్మా, నీ రాయి సంగతి. చదవగానే నాకు ఫ్రాన్సులో మాంట్‌బెయార్ అనే ఆయన గుర్తొచ్చాడు. 1759లో కొడుకు పుట్టినప్పటి నుంచి 1777 దాకా, దాదాపు ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకున్నాడు. ఆయన స్నేహితుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యుఫాన్ ఆ అంకెల్ని అచ్చువేశాడు. ఒకే బిడ్డ ఎదుగుదలని అంతకాలం వరుసగా కొలిచిన తొలి లెక్కగా ఇప్పటికీ దాన్నే చెప్తారు. చలికాలం కంటే వేసవిలో కుర్రాడు ఎక్కువ పెరుగుతున్నాడని బ్యుఫాన్ అప్పుడే గమనించాడు. పద్దెనిమిదేళ్లు వదలకుండా కొలిచాడంటే ఆ తండ్రికి ఎంత మురిపెమో! కానీ ఆ అంకెల్లో కుర్రాడి గొంతు లేదు. కొలతకి నిలబడ్డప్పుడు వాడికేమనిపించేదో తెలుసుకునే దారి లేదు.

ఆడపిల్లలు అందరికంటే వేగంగా పెరిగేది పన్నెండేళ్ల చుట్టుపక్కల. పదహారుకి ఎత్తు పెరగడం దాదాపు పూర్తవుతుంది. ఈసారి వచ్చి నిలబడినా, నిరుటికీ ఇప్పటికీ ఆ రాయి దగ్గర పెద్ద తేడా కనబడదు. ఇకమీదట తనలో వచ్చే మార్పు తను నీతో మాట్లాడితేనే తెలుస్తుంది. అందుకని వస్తావా రావా అని అడగకు. అక్కడ తనకి ఏం నచ్చట్లేదో అడిగి చూడు.

కిటికీ సీటు:

పాత డైరీ గారు చెప్పినట్టు అడగండి. అలాగే పొద్దున్నే లేపుతారేమో కూడా చూసుకోండి. ఆ వయసులో ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి తొందరగా నిద్ర రాదు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మా ఇంట్లో సెలవుల్లో కూడా ఐదింటికే లేపేవాళ్లు, సూర్యోదయం చూడాలని. నేను ముభావంగా ఉన్నానని వాళ్లు అనుకున్న పొద్దుల్లో సగం నిద్ర చాలకే.

సముద్రపుగాలి:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నిన్న రాత్రి అడిగాను, పాత డైరీ గారు చెప్పినట్టే. మొదట "ఏం లేదమ్మా" అంది. నేను లేచి వెళ్లిపోకుండా కూర్చున్నాను. అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. బాబుతో ఒకే మంచం మీద పడుకోవడం ఇబ్బందిగా ఉందట, రెండేళ్లుగా. నేను ఐదున్నరకి లేపడం నచ్చదట. రాయి దగ్గర ఫోటో తీయించుకోవడం ఇష్టమేనట, కానీ దాన్ని బంధువుల గ్రూపులో పెడితే వచ్చే కామెంట్లు, లావయ్యావనీ, నల్లబడ్డావనీ, అవి చదివి రెండు వేసవులు ఏడ్చిందట. నాకు తెలియదు. నేనే పెట్టాను ఆ ఫోటోలు. నాకు చాలా సిగ్గనిపించింది, క్షమించమని అడిగాను.

తొమ్మిది రోజులూ ఉండదు. నాలుగు రోజులు ఉంటానంది. ఐదో రోజు పొద్దున బస్సెక్కి ఒక్కతే తిరిగి వస్తుందట, పిన్ని బస్‌స్టాండ్‌కి వస్తుంది. తమ్ముడికి తనే చెప్పింది. వాడు కాసేపు అలిగి, తర్వాత ఆ నాలుగు రోజుల్లో ఏమేం చేయాలో కాగితం మీద రాసుకొచ్చాడు, ఇరవై మూడు పనులు. మా ఆయన మాత్రం బస్సు దగ్గర ఆగిపోయారు. ఒక్కతే ఎలా పంపుతాం అంటున్నారు.

ముగ్గురి నాన్న:

నాలుగు రోజులు తక్కువని ఇప్పటికీ అంటాను. తొమ్మిది రోజుల్లో ఐదో రోజు నుంచే కదా అందరూ కుదురుకునేది! కానీ బస్సు విషయంలో నేను అమ్మాయి వైపే. మా వాడి చేతికి ఆ రోజు మ్యాప్ వెళ్లకపోయి ఉంటే వాడికి ఆ ప్రయాణం గుర్తుండేదే కాదు. పగటి బస్సు చూడండి, మధ్యలో మారే పని లేనిది. టికెట్ తననే బుక్ చేయమనండి. బస్సు నంబరు, చేరే టైము మీ చెల్లెలికి తనే పంపాలి. ఫోన్ నిండా ఛార్జింగ్, విడిగా కొంత డబ్బు. మీ ఆయన్ని బస్సు కదిలేదాకా అక్కడే ఉండమనండి, ఆయనకీ కొంచెం ధైర్యంగా ఉంటుంది.

రెండోవాడు:

ఇరవై మూడు పనులు! బాబుకి నా తరఫున చెప్పండి, మొదటి రోజే సగం చేసేయొద్దని.

సముద్రపుగాలి:

చెప్తాను. మా ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, పొద్దున బస్సుల టైములు ఆయనే వెతుకుతూ కనిపించారు.

రాయి దగ్గరికి ఏ రోజు వెళ్దామని నేను అడగలేదు. తనే ఎత్తింది. సముద్రం పోటు మీద ఉంటే అక్కడిదాకా నడవలేం కదా, ఆ పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుందట. ఫోన్‌లో చూసి, మూడో రోజు సాయంత్రం ఐదింటికి నీళ్లు బాగా వెనక్కి ఉంటాయంది. ఫోటో ఈసారి తమ్ముడు తీస్తాడట. నన్నూ పక్కన నిలబడమంది.